పక్కగదిలో నవ్వులు

ఆ ప్లైవుడ్ గోడ ప్రొఫెసరుగారు స్వయంగా కట్టించిందే. కాబట్టి ఎవర్నీ తిట్టడానికి లేదు. తిట్టుకుంటే తనని తనే తిట్టుకోవాలి, ఆ అలవాటు ఆయనకి మొదట్నించీ లేదు.

ఒకప్పుడు ఆ రెండు గదులూ కలిపి ఒకటే గది, ఆయనది. తన దగ్గర పిహెచ్‌డీ చేసిన అమ్మాయి అదే డిపార్టుమెంటులో ఉద్యోగానికి ఎంపికై వచ్చినప్పుడు ఆమె కూర్చోడానికి చోటు లేకపోయింది. "నా శిష్యురాలు వరండాలో కూర్చుంటుందా? నా గదిలో సగం ఇస్తున్నాను, రాసుకోండి" అని మీటింగులో అందరి ముందూ ప్రకటించారాయన. చప్పట్లు కూడా పడ్డాయి. వడ్రంగి వచ్చి మధ్యలో ప్లైవుడ్ చెక్కలు నిలబెట్టి మేకులు కొట్టాడు. ఒక కిటికీ ఇటొచ్చింది, ఒక కిటికీ అటు పోయింది. కొన్నాళ్ళ పాటు, గదికి ఎవరొచ్చినా ఆ గోడ చూపించి మరీ చెప్పుకున్నారు.

ఏకు మేకవుతుందని అప్పుడు ఎవరికి తెలుసు?

ఇప్పుడు ఆ గోడకి అవతల నవ్వులు. పొద్దున్న పది దాటితే చాలు, కుర్చీలు జరిగిన చప్పుడు, ఎవరో ఏదో అనడం, అందరూ కలిసి నవ్వడం. వరండాలో ఆమె గది ముందు ఎప్పుడూ ఇద్దరో ముగ్గురో నిలబడి ఉంటారు. ఆయన గది ముందు చెప్పుల స్టాండు నిలబడి ఉంటుంది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా అని ఆయన రోజుకోసారి అనుకునేవారు. కానీ ఆ పుల్లకూర వండటం నేర్పింది తనే కదా అన్న మాట గుర్తొచ్చి, కడుపులో మంట ఇంకాస్త ఎగసేది.

నిజం చెప్పొద్దూ, ఆయన బద్ధకస్తుడైన గైడు కాదు. రెండేళ్ళకోసారి విద్యార్థి మొహం గుర్తుపట్టే మహానుభావులు ఆ డిపార్టుమెంటులో ఉన్నారు, ఆయన ఆ బాపతు కాదు. ఇవ్వాళ అధ్యాయం ఇస్తే రేపు సాయంత్రానికి తిరిగొచ్చేది. తిరిగొచ్చేసరికి ఆ అధ్యాయాన్ని కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. ప్రతి వాక్యం మీద ఎర్రసిరా, ప్రతి కామా మీద ఒక అభిప్రాయం. పిల్లలు ఆయనకి "ఎర్రపెన్ను" అని పేరు పెట్టుకున్నారని ఆయనకి తెలుసు, లోలోపల గర్వపడేవారు కూడా. విద్యార్థి తప్పటడుగు వెయ్యకముందే చెయ్యి పట్టుకుని లాగేవాడే గైడు అని ఆయన సిద్ధాంతం. ఆయన దగ్గర చేరినవాళ్ళు అందరూ సకాలంలో పట్టాలు పుచ్చుకున్నారు. తర్వాత వాళ్ళెవరూ సొంతంగా పెద్దగా ఏమీ రాయలేదు. ఆ సంగతి ఆయన దృష్టికి ఎప్పుడూ రాలేదు.

అలాంటి మనిషి దగ్గర్నించి, ఈ రెండేళ్ళలో ఇద్దరు పక్కగదికి జారిపోయారు. మిగిలింది ఒక్కడు, పొడుగబ్బాయి. గుమ్మంలో తల వంచి రావడం అలవాటైపోయి, ఎత్తుగా ఉన్న గుమ్మాల దగ్గర కూడా తల వంచేవాడు. ప్రొఫెసరుగారు రిటైరయ్యే లోపల ఆయన చేతి మీదుగా బయటికి రావలసిన ఆఖరివాడు వాడే. వాడు కూడా వెళ్ళిపోతే, ఇన్నేళ్ళ సర్వీసుకి చివరి పంక్తిలో, "ఈయన దగ్గర ఎవరూ నిలవలేదు" అని రాసినట్టే.

పొడుగబ్బాయి పని ఏటి ఒడ్డున. అక్కడ నేలలోకి వరసగా ఇనప గొట్టాలు దింపి, వారానికోసారి వెళ్ళి, అడుగున నీళ్ళు ఎంత ఎత్తులో ఉన్నాయో టేపు జారవిడిచి కొలుస్తాడు. వాన పడితే మట్టం పెరగాలి, ఎండ కాస్తే తగ్గాలి. గొట్టాలన్నీ బుద్ధిగా అలాగే చేశాయి, రైలుగేటు పక్కనున్న ఒక్కటి తప్ప. అది ఒక్కోసారి వాన చుక్క లేకుండానే పెరిగేది, మళ్ళీ వారానికి ఏమీ ఎరగనట్టు దిగిపోయేది.

"ఆ గొట్టం పాడైంది. తీసెయ్" అన్నారు ప్రొఫెసరుగారు.

"మూడుసార్లు చూశాను సార్. గొట్టం బాగానే ఉంది."

"అయితే నీ టేపు పాడైంది. ఇదేంటి, ఇక్కడ? 'గూడ్సు బండి ఆగి ఉండటం వల్ల ఆ రోజు కొలతలు ఆలస్యమయ్యాయి'! నువ్వు రాసేది సిద్ధాంత వ్యాసమా, ప్రయాణం కబుర్లా?" ఎర్రపెన్ను ఆ వాక్యం మీదుగా సర్రున పోయింది.

పొడుగబ్బాయి కొట్టేసిన వాక్యం వైపు ఒకసారి చూశాడు. కాయితాలు తీసుకుని, తల వంచుకుని వెళ్ళిపోయాడు. కాసేపటికి పక్కగది తలుపు చప్పుడైంది. కుర్చీ జరిగింది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ప్రొఫెసరుగారు గోడకి చెవి ఆనించలేదు. అంత దిగజారలేదు. తన కుర్చీని మాత్రం రెండు బెత్తెలు గోడ వైపు జరుపుకున్నారు. వెలుతురు కోసం అని ఆయనే ఆయనకి చెప్పుకున్నారు, కిటికీ మాత్రం రెండోవైపు ఉంది.

పొడుగబ్బాయి గొంతు గడగడా ఏదో చెప్పుకుపోయింది. తన గదిలో నాలుగు మాటలు దాటి మాట్లాడని వెధవ! తర్వాత ఆమె గొంతు స్పష్టంగా వినబడింది.

"నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు."

వాడు మళ్ళీ చెప్పాడు. ఆమె కాయితాలు తిరగేసిన చప్పుడైంది. ఆ తర్వాత, "ఊహూఁ. ఇంకా అర్థం కాలేదు. మొదట్నించీ రా" అంది.

ప్రొఫెసరుగారి మొహం విప్పారింది. ఇన్నాళ్ళకి దొరికింది! ఇదన్నమాట సంగతి. ఆమెకి సబ్జెక్టు రాదు. మొక్కల వేళ్ళ మీద పిహెచ్‌డీ చేసిన మనిషికి నేల కింద నీళ్ళ గురించి ఏం తెలుస్తుంది పాపం? నవ్వులతో, కబుర్లతో నెట్టుకొస్తోంది. అంతేలే, ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్ళు కొందరైతే, ఆడలేక నవ్వులు పంచేవాళ్ళు కొందరు. ఆ రోజు నించి ఆయన లెక్క పెట్టలేదు కానీ చెవి మాత్రం ఒగ్గి ఉంచారు. "అర్థం కాలేదు" అన్న మాట గోడ దాటి వచ్చిన ప్రతిసారీ ఆయనకి ఒళ్ళంతా చల్లబడేది. ఎదుటివాడి అజ్ఞానంలో ఉన్న సుఖం సొంత జ్ఞానంలో ఎక్కడుంటుంది!

ఇంట్లో కూడా అదే పాట. ఆయన భార్య పళ్ళ డాక్టరు. సాయంత్రం క్లినిక్కు మూసి వచ్చి, కాళ్ళు చాపుకుని కూర్చునేసరికి ఈయన మొదలుపెట్టారు.

"అర్థం కాలేదని చెప్తోందే, పిల్లలకి! నోటితో! సిగ్గులేకుండా!"

"ఎవరండీ?"

"ఇంకెవరు? నా గదిలో సగం మింగి కూర్చున్న మనిషి."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఆయన వైపు అదోలా చూసింది. "కందకి లేని దురద కత్తిపీటకెందుకూ? ఆవిడకి అర్థం కాలేదన్నా ఆ పిల్లలే ఊరుకుంటుంటే" అని మాత్రం అని లేచిపోయింది.

వారం తిరక్కుండా ఆయన భయపడ్డదే జరిగింది. పొడుగబ్బాయి తన గైడుగా పక్కగది మేడమ్‌ని వెయ్యమని హెడ్డుగారిని అడిగాడు. ముందు ఈయనకి చెప్పలేదు. చెప్పే ధైర్యం చాలలేదని తర్వాత తెలిసింది. హెడ్డుగారు ముగ్గుర్నీ తన గదికి పిలిచారు. ఈ హెడ్డుగారు గోడ మీద పిల్లి. ఏ పక్క ఎక్కువ మంది ఉంటే ఆ పక్కకి దూకుతారు, సరిసమానంగా ఉంటే గోడ మీదే నిద్రపోతారు.

"మాస్టారూ, మీరేమంటారు?" అన్నారు హెడ్డుగారు.

ప్రొఫెసరుగారు సిద్ధమై వచ్చారు. పక్కనే కూర్చున్న ఆమె వైపు చూడలేదు. గోడవారగా కూర్చుని మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక సతమతమవుతున్న పొడుగబ్బాయి వైపూ చూడలేదు.

"నాకు వ్యక్తిగతంగా ఏ అభ్యంతరమూ లేదండీ. కుర్రాడి భవిష్యత్తు గురించే నా బాధంతా. గైడు అనేవాళ్ళకి విషయం తెలిసుండాలి కదా? వీడు ఏటి ఒడ్డున కొలతల గురించి చెప్తుంటే, 'నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు' అంటోంది ఈ అమ్మాయి. ఒకసారి కాదు. పూటపూటా. మళ్ళీ చెప్పినా అర్థం కాలేదంటుంది. నా చెవులతో నేను విన్నాను. అర్థం కాని మనిషి చేతిలో కుర్రాడిని ఎలా పెడతారు?"

హెడ్డుగారు పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టారు.

"మీరు వింటున్నారా సార్?" అందామె, నెమ్మదిగా.

అప్పుడు తట్టింది ఆయనకి, తనేం ఒప్పుకున్నారో. తేలు కుట్టిన దొంగలా అయ్యారు. "గోడ పల్చన... వద్దన్నా వినిపిస్తుంది" అన్నారు.

ఆమె మొహం ఎర్రబడింది. కోపంగా ఏదో అంటుందని ఆయన ఎదురుచూశారు, నిజానికి అదే కోరుకున్నారు. ఆమె మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు వాటినే చూసుకుంది.

"ఆ మాట నాది కాదు సార్" అంది చివరికి. "మీదే."

"ఏ మాట?"

"'నాకు అర్థం కాలేదమ్మా, మళ్ళీ చెప్పు.' నేను వేళ్ళ మీద పని చేస్తానని వచ్చినప్పుడు మీరు ఉద్యోగంలో కొత్త. కాలవల్లో నీళ్ళు మీ సబ్జెక్టు. మొక్క వేరు నీళ్ళెలా తాగుతుందో మీకు ఒక్క ముక్క తెలీదు. ఇంకెవరూ నన్ను తీసుకోకపోతే మీరు తీసుకున్నారు. వచ్చినరోజల్లా ఆ మాటే అనేవారు. మీకు అర్థమయ్యేట్టు చెప్పాలని ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి చెప్పుకునేదాన్ని. మూడోసారి చెప్తుంటే, నాకు తెలుసనుకున్నది నాకే తెలీదని బయటపడేది. నా థీసిస్‌లో పనికొచ్చే ముక్క ఏదైనా ఉంటే, అది మీకు నాలుగోసారి చెప్తున్నప్పుడు దొరికిందే సార్."

ఆమె తలెత్తి ఆయన వైపు చూసింది.

"తర్వాత్తర్వాత మీకు అన్నీ అర్థమైపోయాయి" అంది. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. ఎవరో దగ్గరివాళ్ళు ఊరు వదిలి వెళ్ళిపోయిన సంగతి చెప్తున్నట్టు చెప్పింది.

ప్రొఫెసరుగారు జేబులో ఎర్రపెన్ను తడుముకున్నారు, దిద్దడానికి అక్కడ తప్పేమీ లేదు. హెడ్డుగారు అటు చూసి, ఇటు చూసి, "వచ్చే వారం చూద్దాం లెండి" అని గోడ మీదే ముడుచుకుని పడుకున్నారు.

ఆ సాయంత్రం భార్య ఇంటికొచ్చేసరికి ఆయన వంటింటి బల్ల దగ్గర చొక్కా కూడా మార్చుకోకుండా కూర్చుని ఉన్నారు.

"ఇదిగో, నిన్నొకటి అడుగుతాను. నేను కొత్తగా చేరినప్పుడు, ఆ పిల్ల నా దగ్గర చదువుతున్నప్పుడు, నేనెలా ఉండేవాణ్ణి?"

ఆవిడ సంచీ కింద పెట్టింది. "ఎలా ఉండటమేంటండీ? ఏడ్చేవారు. 'నాకేమీ రాదు, ఆ పిల్ల బతుకు పాడుచేస్తున్నాను, ఇంకొకళ్ళకి అప్పజెప్పేస్తాను' అని రోజూ గొడవ. మొక్కల పుస్తకాలు తెచ్చి ఈ బల్ల మీదే పెట్టుకుని చదివేవారు. కుండీలో మొక్క పీకి వేరు చూశారు గుర్తుందా? నా మొక్క!"

"అప్పుడు నేను పనికిమాలిన గైడుననే అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను."

"మీరనుకుంటే సరిపోతుందా? ఆ పిల్ల వారం వారం మనింటికొచ్చి ఇక్కడ కూర్చుని గంటలు గంటలు వాగేది. మీరు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, నోరెళ్ళబెట్టి వినేవారు. అంత బాగా విన్న మనిషిని నేనెప్పుడూ చూళ్ళేదు. నా మాట కూడా అలా వినలేదు మీరు. కుళ్ళుకున్నాను కూడా." ఆవిడ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "తర్వాత మీకు పేరొచ్చింది, ఎర్రపెన్ను కొనుక్కున్నారు. ఏవండీ, నోరు తెరిపించి మాట్లాడనివ్వకపోవడం నా వృత్తి. మీకెందుకొచ్చింది ఆ పని?"

ఆయనకి నవ్వు రాలేదు. ఇన్నాళ్ళూ గోడ అవతల మనిషిని చూసి కుళ్ళుకుంటున్నాననుకున్నారు. తీరా చూస్తే, ఆ గదిలో కూర్చుని పిల్లల్ని పోగేసుకుంటున్నది పాతికేళ్ళ కిందటి తనే. ఇంకొకళ్ళ మీద ఈర్ష్య పడితే వాళ్ళని తిట్టుకోవచ్చు. తన మీదే తనకి పుట్టిన ఈర్ష్యని ఎవరితో చెప్పుకోవాలి?

మర్నాడు పొడుగబ్బాయిని పిలిపించారు. వాడు గుమ్మంలో తల వంచి వచ్చి, కాయితాలు బల్ల మీద పెట్టి, తిట్లకి సిద్ధమై నిలబడ్డాడు. ప్రొఫెసరుగారు ఎర్రపెన్ను తీసి సొరుగులో పడేసి, సొరుగు మూశారు. ఎందుకైనా మంచిదని మోకాలు అడ్డం పెట్టుకున్నారు.

"కూర్చో. ఆ రైలుగేటు గొట్టం సంగతేంటి?"

"వ్యాసంలోంచి తీసేశాను సార్. మీరు తీసెయ్యమన్నారు కదా."

"నేనన్నది వదిలెయ్. అదెందుకు పెరుగుతోంది?"

"గొట్టం పాడైంది సార్."

"పాడవలేదని నువ్వే అన్నావు."

"టేపు పాడైంది సార్." ఇదేదో కొత్తరకం తిట్టని వాడి అనుమానం.

ప్రొఫెసరుగారు గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నారు. చెయ్యి అక్కడ నిలవలేదు. అలవాటు తప్పిపోయింది. "నాకు అర్థం కాలేదు" అన్నారు. నిజానికి కాస్త గట్టిగానే అన్నారు, గోడ అవతలికి వినపడేట్టు. ఎంతైనా మనిషే కదా.

"తప్పెక్కడుందో చెప్పండి సార్, దిద్దుకొస్తాను."

"తప్పేమీ లేదురా. నాకే అర్థం కాలేదు. వాన లేకుండా నీళ్ళు పైకెందుకొస్తాయి? నాకు తెలీదు. నువ్వు ఆ ఏటి దగ్గరికి వెళ్ళినవాడివి, నేను వెళ్ళలేదు. చెప్పు."

పొడుగబ్బాయి ఆయన మొహంలోకి తేరిపార చూశాడు, బహుశా మొదటిసారి. మెల్లిగా మొదలుపెట్టాడు. వానలు, ఎండలు, మట్టాలు, అన్నీ వ్యాసంలో రాసినట్టే అప్పజెప్పాడు. అయిపోయింది.

"అర్థం కాలేదు. అలా కాదు. పొద్దున్న బస్సు దిగిన దగ్గర్నించి చెప్పు. ఏం చేస్తావు?"

"బస్సు దిగి గేటు దాకా నడుస్తాను సార్. గేటు తీసి ఉంటే దాటిపోయి, అవతలి గొట్టాలన్నీ కొలిచి, వచ్చేటప్పుడు చివర్లో ఈ గేటు గొట్టం కొలుస్తాను. గేటు వేసి ఉంటే..." వాడు ఆగి భయంగా చూశాడు. "ఇది అనవసరం సార్. మీరు కొట్టేశారు."

"చెప్పమన్నానా?"

"గేటు వేసి ఉంటే గూడ్సు బండి ఆగి ఉందన్నమాట సార్. ఖాళీగా నిలబడటం ఎందుకని, ముందు ఈ గొట్టమే కొలిచేస్తాను."

అంతే. ప్రొఫెసరుగారికి ఒళ్ళు ఝల్లుమంది. బండి! సరుకు నిండిన పెట్టెల బరువు! పైనించి బండి నేలని అదుముతుంటే, కింద బంకమట్టి పొర కింద చిక్కుకున్న నీళ్ళు ఎటూ పోలేక గొట్టంలోకి ఎగదన్నుతున్నాయి! గొట్టం పాడవలేదు, టేపు పాడవలేదు. అక్కడ నేల కింద బంకమట్టి మూత ఉందని, ఎవరూ తవ్వి చూడకుండానే, ఆ గొట్టం ఇన్నాళ్ళూ మొత్తుకుంటోంది. ఈ కుర్రాడి థీసిస్ మొత్తం అక్కడుంది. తను ఎర్రపెన్నుతో కొట్టేసిన వాక్యంలో ఉంది!

మాట నాలిక చివరికి వచ్చేసింది. అనేస్తే చాలు. "ఒరేయ్ పిచ్చివాడా, అదీ సంగతి!" అంటే వాడి కళ్ళు పెద్దవవుతాయి, "ఎంత గొప్పగా చెప్పారు సార్" అంటాడు, ఇంక జన్మలో పక్కగది మొహం చూడడు. హెడ్డుగారి ముందు పోయిన పరువు వడ్డీతో సహా తిరిగొస్తుంది. వాడు కనిపెట్టాల్సినదాన్ని వాడికంటే ఒక్క క్షణం ముందు తను చూసి కూడా, అది వాడి చేతిలో పెట్టి ఊరుకోవాల్సి వస్తున్నందుకు, ఆ కుర్రాడి మీద కూడా ఆయనకి ఈర్ష్య పుట్టింది. అర్థం కానప్పుడు అర్థం కాలేదనడం ఏపాటి పని? పాతికేళ్ళ కిందట తనకి వేరే దారి లేక అన్న మాట అది. పక్కగదిలో ఆ పిల్ల మాత్రం ఎన్నిసార్లు తెలిసి తెలిసి ఇలా నాలిక కరుచుకుందో!

ఆయన నాలిక కరుచుకున్నారు. నిజంగానే, పళ్ళ మధ్య పెట్టి.

"అర్థం కాలేదు" అన్నారు. గొంతు ఈసారి గోడ దాకా వెళ్ళలేదు. "గేటు వేసున్న రోజు ముందు కొలుస్తావు. తీసున్న రోజు చివర్లో. అయితే?"

"అయితే ఏమీ లేదు సార్. వేసున్న రోజు..." పొడుగబ్బాయి కాయితాల అడుగునున్న కొలతల పుస్తకం తీసి గబగబా తిరగేశాడు. ఒక పేజీ, ఇంకో పేజీ. మళ్ళీ మొదటి పేజీ. "సార్. వేసున్న రోజే పెరిగింది సార్. ఇక్కడా అంతే. ఇక్కడా..." వాడి వేలు కాయితం మీద ఆగిపోయింది. బల్ల మీద నీళ్ళలో నానేసిన బోర్డు తుడిచే స్పాంజి ఉంది. వాడు దాని వైపు చూశాడు. పొడుగాటి చెయ్యి చాపి, వేళ్ళతో దాన్ని నొక్కాడు. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి పైకొచ్చాయి. చెయ్యి తీశాడు. నీళ్ళు లోపలికి పోయాయి.

ప్రొఫెసరుగారు సొరుగుకి అడ్డం పెట్టిన మోకాలు ఇంకాస్త గట్టిగా నొక్కారు.

"బండి సార్!" అని వాడు ఒక్క ఉదుటున లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. "బరువు సార్! బండి బరువు! కింద నీళ్ళకి పోయే దారి లేదు సార్, పైన మూతేదో ఉండుండాలి!" అంటూనే తలుపు తీసుకుని పరిగెత్తాడు. వెళ్ళేటప్పుడు తల వంచడం మర్చిపోయి, గుమ్మానికి ఠంగున కొట్టుకుని, నెత్తి రుద్దుకుంటూ వెళ్ళిపోయాడు.

పక్కగది తలుపు దబదబా మోగింది.

ప్రొఫెసరుగారు ఒక్కరే మిగిలారు, పడిపోయిన కుర్చీతో. ఇంత చేసి, నాలిక కరుచుకుని కూర్చుంటే, చివరికి వాడు పరిగెత్తింది అక్కడికే! పుండు మీద కారం జల్లినట్టు, గోడ అవతల్నించి వాడి గొంతు ఖంగున వినబడింది.

"మేడమ్! సార్‌కి అర్థం కాలేదు మేడమ్!"

"ఏంటీ?"

"గేటు గొట్టం సంగతి సార్‌కి అర్థం కాలేదు! మూడుసార్లు చెప్పించుకున్నారు! చెప్తుంటే నాకు తెలిసిపోయింది మేడమ్!"

అవతల కుర్చీ జరిగింది.

"నిజంగా ఆయనకి అర్థం కాలేదా?" అంది ఆమె. ఆ గొంతు ఏదోలా ఉంది.

"నిజంగా మేడమ్! మొహం చూస్తే తెలియదా ఏంటి!"

ఆమె నవ్వింది. ఇన్నాళ్ళూ ఆయన కడుపు మండించిన అదే నవ్వు. నవ్వుతూనే ముక్కు ఎగబీల్చుకున్న చప్పుడు కూడా వినబడింది, గోడ అంత పల్చన మరి.

"అయితే ఇంకా ఇక్కడేం చేస్తున్నావు? ఆయనకింకా అర్థం కాలేదు కదా. వెళ్ళు. వెళ్ళి అర్థమయ్యేదాకా చెప్పు."

అడుగుల చప్పుడు వరండాలో ఇటువైపు వస్తోంది. ప్రొఫెసరుగారు గబుక్కున లేచి, కింద పడిన కుర్చీ ఎత్తి, దుమ్ము దులిపి, తన కుర్చీకి ఎదురుగా వేశారు. తన కుర్చీని గోడ దగ్గర్నించి రెండు బెత్తెలు ఇవతలికి లాక్కుని కూర్చున్నారు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఏమీ తెలియనట్టు మొహం పెట్టుకున్నారు.